స్లైడర్ కాదు... ముందు టేపు పట్టండి!

ఇంటీరియర్ విజువలైజేషన్ ఉద్యోగాల కోసం కుర్రాళ్లు పంపే పోర్ట్‌ఫోలియోల్లో ఒక హాలు బొమ్మ తప్పకుండా ఉంటుంది. సోఫా, టీవీ యూనిట్, ఫాల్స్ సీలింగ్, కిటికీలోంచి పడే ఎండ... అన్నీ బాగానే ఉంటాయి. కానీ ఎక్కడో తేడా కొడుతుంది. అదేంటో వెంటనే చెప్పలేం. అలాంటప్పుడు ఒకసారి నేల వంక చూడండి. మూడు సీట్ల సోఫా సుమారు ఏడడుగులు ఉంటుంది. దాని పొడవునా రెండడుగుల టైళ్లు మూడున్నర పట్టాలి. బొమ్మలో ఒకటిన్నరే పట్టాయనుకోండి, ఒక్కో టైలు నాలుగున్నర అడుగులు దాటిపోయినట్టే. లైటింగ్ ఎంత బాగున్నా ఆ హాలు బొమ్మరిల్లులా కనిపించేది అందుకే.

త్రీడీ పని నేర్చుకునేవాళ్లందరికీ ఎదురయ్యే టెక్స్చర్ స్కేల్ సమస్య ఇదే. ఇటుకలు గుమ్మమంత పెద్దవిగా రావడం, చెక్క గీతలు సాగిపోవడం, ఒక గోడ మీద సరిగ్గా ఉన్న రాయి పక్క గోడ మీద గులకరాళ్లలా మారిపోవడం. అప్పుడు మనలో ఎక్కువమంది చేసే పని ఒక్కటే. మెటీరియల్ తెరిచి స్కేల్ స్లైడర్‌ని 1 నుంచి 2కి, 2 నుంచి 5కి జరుపుతూ పోవడం. కంటికి బాగుందనిపించిన చోట ఆపేయడం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అది రిపేరు కాదు, తప్పుని దాచిపెట్టడం. టెక్స్చర్ స్కేల్ అన్నది కంటికి సంబంధించిన విషయం కంటే ముందు కొలతకి సంబంధించిన విషయం. కొలత ఎక్కడ తప్పిందో కనిపెట్టగలిగినవాళ్లే ఈ రంగంలో నిలబడతారు.

అట్టకి కొలత తెలియదు

టెక్స్చర్ మ్యాపింగ్ కొత్తదేమీ కాదు. 1974లో యూటా యూనివర్సిటీలో ఎడ్విన్ క్యాట్‌మల్ తన పీహెచ్‌డీ పరిశోధనలో దీన్ని ప్రవేశపెట్టారు. తర్వాత పిక్సార్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఆయనకి 2019 ట్యూరింగ్ అవార్డు కూడా వచ్చింది. ఆలోచన మాత్రం మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిందే. నోటు పుస్తకానికి అట్ట వేసినట్టు, త్రీడీ వస్తువుకి ఒక బొమ్మ చుట్టడం.

చుట్టేటప్పుడు బొమ్మలోని ఏ చుక్క వస్తువు మీద ఎక్కడ పడాలో చెప్పే చిరునామాలే యూవీ. బొమ్మ ఎడమ అంచు 0, కుడి అంచు 1. కింద 0, పైన 1. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 0, 1 అన్నవి నిష్పత్తులే తప్ప అడుగులో మీటర్లో కావు. మీ బొమ్మ రెండడుగుల టైలా, ఇరవై అడుగుల గోడా అన్నది యూవీకి తెలియదు. తెలియాల్సింది మీకు.

అందుకే స్లైడర్ ముట్టుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. వస్తువు కొలత నిజంగా ఎంత? బొమ్మలో కనిపిస్తున్న ముక్క నిజ జీవితంలో ఎంత ఉంటుంది? ఈ రెండింటినీ కలుపుతున్నది ఏది? దాదాపు ప్రతి స్కేల్ సమస్యా ఈ మూడింట్లో ఒకదాని దగ్గర దొరికిపోతుంది.

మొదట గుమ్మం కొలవండి

సీన్‌లో ఏదో ఒక తెలిసిన వస్తువుని కొలవండి. గుమ్మం అయితే సులువు. మన ఇళ్లలో తలుపు సుమారు ఏడడుగులు, అంటే 2.13 మీటర్లు. బ్లెండర్‌లో వస్తువుని ఎంచుకుని కీబోర్డు మీద ఎన్ నొక్కితే పక్కన ప్యానెల్‌లో డైమెన్షన్స్ కనిపిస్తాయి. అక్కడ 2.13 బదులు 7 మీటర్లు అని ఉందంటే, అడుగుల్లో ఉన్న ప్లాన్‌ని మీటర్లనుకుని గీసేశారన్నమాట. ఇక టెక్స్చర్‌ని ఎంత సరిచేసినా లాభం లేదు.

త్రీడీఎస్ మ్యాక్స్‌లో ఇంకో మెలిక ఉంది. డిస్‌ప్లే యూనిట్ వేరు, సిస్టమ్ యూనిట్ వేరు. డిస్‌ప్లే యూనిట్ మార్చితే తెర మీద కనిపించే అంకె మారుతుందే తప్ప లోపలి లెక్క మారదు. సిస్టమ్ యూనిట్ ఏముందో పని మొదలుపెట్టకముందే చూసుకోవాలి.

కొలత సరిగ్గానే ఉందా? అయితే అదే ప్యానెల్‌లో స్కేల్ అంకెలు చూడండి. ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. బ్లెండర్‌లో వచ్చే క్యూబ్ ఒక్కో వైపు 2 మీటర్లు. దాన్ని పొడవులో 3 రెట్లు, మందంలో 0.1, ఎత్తులో 1.5 చేస్తే 6 మీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల మందం, 3 మీటర్ల ఎత్తున్న గోడ తయారవుతుంది. చూడ్డానికి గోడే. కానీ సాఫ్ట్‌వేర్ లోపల అది ఇంకా 2 మీటర్ల క్యూబే, పైన మూడు గుణకాలు వేలాడుతున్నాయంతే. చదరంగా ఉండాల్సిన టైలు అడ్డంగా రెండు రెట్లు సాగి కనిపించడానికి కారణం ఆ గుణకాలే.

మందు చిన్నదే. కంట్రోల్-ఏ నొక్కి స్కేల్ అప్లై చేయాలి. మూడు అంకెలూ 1 అవుతాయి. అప్లై చేసినంత మాత్రాన పాత యూవీ మారదు కాబట్టి తర్వాత మళ్లీ అన్‌ర్యాప్ చేయాలి. 'కంట్రోల్-ఏ కొట్టాను, ఏం మారలేదు' అని వదిలేసేవాళ్లు ఈ రెండో మెట్టు దగ్గరే ఆగిపోతుంటారు. మ్యాక్స్ వాడేవాళ్లకి ఇదే పని రీసెట్ ఎక్స్‌ఫార్మ్ చేస్తుంది.

బొమ్మలో ఎన్ని టైళ్లున్నాయి?

రెండో ప్రశ్న ఇంకా సులువైనది, అందుకే ఎవరూ వేసుకోరు. కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఫ్లోర్ టైల్ బొమ్మ దించుకున్నారు. టైలు సైజు 2 అడుగులని రాసి ఉంది. స్కెచప్ మెటీరియల్ ఎడిటర్‌లో వెడల్పు 2 అడుగులు అని కొట్టారు. నేల మీద టైళ్లు క్యారమ్ కాయినంత కనిపిస్తున్నాయి. ఎందుకు? ఆ బొమ్మలో ఉన్నది ఒక టైలు కాదు, అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు. అక్కడ కొట్టాల్సింది 8 అడుగులు. ఆ గడి అడుగుతున్నది టైలు సైజుని కాదు, బొమ్మ మొత్తం సైజుని.

ఇటుక గోడకీ ఇదే లెక్క. 9 అంగుళాల పొడవు, 3 అంగుళాల ఎత్తున్న ఇటుకకి అర అంగుళం సిమెంటు కలిపితే 9.5, 3.5 అవుతాయి. మీ బొమ్మలో వరుసకి 4 ఇటుకలు, మొత్తం 12 వరుసలు ఉంటే ఆ బొమ్మ నిజ సైజు 38 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల ఎత్తు. దీనికి కన్ను అక్కర్లేదు, ఎక్కం చాలు. ల్యామినేట్ అయితే షీటు 8 అడుగులకి 4 అడుగులు. బొమ్మ పూర్తి షీటుదైతే అదే కొట్టండి. షీటులో ఒక ముక్కదైతే ఆ ముక్క ఎంతో కనుక్కోండి. పొడవు వెడల్పుల నిష్పత్తిని లాక్ చేసే గొలుసు గుర్తు తీసేసి ఉందేమో కూడా చూడండి. గీతలు సాగిపోవడానికి చాలాసార్లు అదే కారణం.

ఇంకో తికమక కూడా ఇక్కడే తేల్చేద్దాం. స్కెచప్‌లో పెద్ద అంకె కొడితే టెక్స్చర్ పెద్దదవుతుంది. బ్లెండర్ మ్యాపింగ్ నోడ్‌ మామూలుగా ఉండే పాయింట్ రకంలో స్కేల్ 2 పెడితే మాత్రం బొమ్మ రెండుసార్లు రిపీటై సగానికి చిన్నదవుతుంది. ఒకటి సైజు అడుగుతోంది, ఇంకొకటి ఎన్నిసార్లు అని అడుగుతోంది. ఒక సాఫ్ట్‌వేర్ అలవాటుతో ఇంకోదాంట్లో స్లైడర్ లాగితే తలకిందులవడం ఖాయం.

కలిపేది ఏది?

మూడో ప్రశ్నే అసలైనది. బ్లెండర్‌లో ఏ కోఆర్డినేట్ ఇవ్వకుండా బ్రిక్ లాంటి ప్రొసీజరల్ టెక్స్చర్ కలిపితే అది జనరేటెడ్ పద్ధతి తీసుకుంటుంది. అంటే వస్తువు చుట్టూ ఒక పెట్టె ఊహించుకుని, ఆ పెట్టె ఎంత ఉన్నా 0 నుంచి 1కి సాగదీస్తుంది. పొడవాటి గోడ మీద ఇటుకలు పొడవుగా సాగక ఏం చేస్తాయి? ఆబ్జెక్ట్ కోఆర్డినేట్ తీసుకుంటే వస్తువు సొంత కొలతలని బట్టి వస్తుంది. స్కేల్ అప్లై చేసి ఉంటే అక్కడ ఒక యూనిట్ ఒక మీటరు. యూవీ తీసుకుంటే మీరు అన్‌ర్యాప్ చేసినట్టు వస్తుంది. మ్యాక్స్‌లో రియల్-వరల్డ్ మ్యాప్ సైజ్ అని ఒక టిక్కు ఉంటుంది. వస్తువు వైపు, బిట్‌మ్యాప్ వైపు రెండు చోట్లా అది ఒకేలా ఉండాలి. ఒకచోట పెట్టి ఇంకోచోట తీసేస్తే గోడంతా ఒకే రంగు పూసినట్టో, దుమ్ము చల్లినట్టో కనిపిస్తుంది.

తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు నేను చేసే పరీక్ష ఒకటుంది. అన్ని మెటీరియల్స్ పక్కనపెట్టి, సీన్ మొత్తానికి గళ్ల బొమ్మ వేస్తాను. బ్లెండర్‌లో కొత్త ఇమేజ్ తయారుచేసేటప్పుడు యూవీ గ్రిడ్ లేదా కలర్ గ్రిడ్ ఎంచుకుంటే చాలు. ఇప్పుడు గళ్లు చూడండి. గడి చతురస్రంలా కాకుండా సాగి ఉంటే, స్కేల్ అప్లై కాలేదు లేదా అన్‌ర్యాప్ బాగాలేదు. గళ్లు చతురస్రాలే కానీ ఒక్కో వస్తువు మీద ఒక్కో సైజులో ఉంటే, యూవీల మధ్య పొంతన లేదు. అన్నీ చతురస్రాలే, అన్నీ ఒకే సైజు, అయినా టైలు పెద్దదిగా వస్తోందంటే, యూనిట్‌లోనో, మీరు కొట్టిన బొమ్మ సైజులోనో తప్పుంది. రెండు నిమిషాల పని. గంటసేపు స్లైడర్ జరిపినా తెలియనిది ఇక్కడ తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. స్కేల్ వేరు, మసక వేరు. 4 మీటర్ల గోడ మీద 1024 పిక్సెళ్ల బొమ్మ ఒక్కసారి పరిస్తే మీటరుకి 256 పిక్సెళ్లే దక్కుతాయి. దగ్గర నుంచి చూస్తే అలికినట్టు ఉంటుంది. అక్కడ కావాల్సింది ఇంకా పెద్ద బొమ్మ, 4096 పిక్సెళ్లదైతే మీటరుకి 1024 వస్తాయి. మసక పోవాలని స్కేల్ తగ్గించారంటే ఒక తప్పుకి రెండో తప్పు తోడవుతుంది. అలాగే రంగు మ్యాప్ స్కేల్ మార్చినప్పుడు బంప్, రఫ్‌నెస్ మ్యాప్‌లు కూడా దానితోపాటే మారాలి. అన్నింటినీ ఒకే మ్యాపింగ్ నోడ్‌కి కలిపి ఉంచండి. లేకపోతే టైలు ఒకచోట, దాని గాడి ఇంకోచోట పడతాయి.

ఫైలు గడప దాటితే...

ఒక సాఫ్ట్‌వేర్‌లో చక్కగా ఉన్నది ఇంకోదాంట్లోకి వెళ్లగానే పాడైందా? అన్‌రియల్ ఇంజిన్‌లో ఒక యూనిట్ అంటే సెంటీమీటరు. యూనిటీలో, బ్లెండర్‌లో మీటరు. ఓబీజే ఫైలైతే యూనిట్ ఏంటో నమ్మకంగా మోసుకెళ్లదు. అందుకే 100 రెట్ల తేడా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది యూనిట్‌నే.

ఇక్కడ ఒక చిట్కా. గది మొత్తం 100 రెట్లు పెద్దదైపోయినా, గదితో పోలిస్తే టైళ్లు సరిగ్గానే ఉన్నాయంటే మీ టెక్స్చర్ యూవీ మీద నడుస్తోంది. యూవీ నిష్పత్తే కాబట్టి వస్తువుతోపాటే పెరిగింది. ఎక్స్‌పోర్ట్‌లోనో ఇంపోర్ట్‌లోనో యూనిట్ సరిచేస్తే సరిపోతుంది. గది సరిగ్గానే ఉండి టైళ్లు మాత్రమే చెడిపోయాయంటే, టెక్స్చర్ నిజ కొలతల మీదో, ప్రొసీజరల్ నోడ్‌ల మీదో ఆధారపడి ఉంది. అవి మామూలుగా ఫైలుతోపాటు అవతలికి వెళ్లవు. వెళ్లే ముందే యూవీలో బేక్ చేసుకోవాలి.

ఇంతకీ ఎవరికి నష్టం?

'కాస్త అటూఇటూ అయితే ఏమైంది, బొమ్మే కదా' అనొచ్చు. నేను పనిచేసిన ఒక చిన్న స్టూడియోలో జరిగింది చెబుతాను. వార్డ్‌రోబ్ షట్టర్లకి వుడ్ గ్రెయిన్ ల్యామినేట్. రెండర్‌లో గీతలు వెడల్పుగా, హుందాగా ఉన్నాయి. ఇంటివాళ్లకి నచ్చింది, షీట్లు తెప్పించారు, వడ్రంగి పని పూర్తయింది. తీరా చూస్తే గీతలు సన్నగా, దగ్గరదగ్గరగా. 'మాకు చూపించింది ఇది కాదు కదా' అన్నారు ఆ ఇంటి ఆవిడ. షీటు కోడ్ అదే, రంగూ అదే. రెండర్‌లో మాత్రం గ్రెయిన్‌ని దాదాపు రెండింతలు సాగదీశారు. ఆ మాట తేలేసరికి షట్టర్లు బిగించేశారు. వాటిని విప్పి మళ్లీ చేయించిన ఖర్చు స్టూడియో మీద పడింది. రెండర్ చేసిన జూనియర్‌కి అందరి ముందూ చీవాట్లు పడ్డాయి. ఆ అబ్బాయికి సాఫ్ట్‌వేర్ బాగానే వచ్చు. షీటు 8 అడుగులకి 4 అడుగులని మాత్రం ఎవరూ చెప్పలేదు.

నా ఫిర్యాదు ఆ అబ్బాయి మీద కాదు, మనం నేర్పే పద్ధతి మీద. చాలా కోర్సుల్లో 'ఇక్కడ క్లిక్ చేయండి, ఇది 3 పెట్టండి' అని నేర్పుతారు. ఆ 3 ఎందుకో అడిగితే 'బాగుంటుంది కాబట్టి' అంటారు. సార్ ఇచ్చిన సీన్‌లో 3 బాగుంటుంది. మీ సీన్‌లో బాగుండదు. అప్పుడు ఇంకో వీడియో, ఇంకో అంకె. ఇలా ఎన్ని అంకెలు బట్టీ పట్టినా ఒక్క సమస్యని సొంతంగా విప్పే శక్తి రాదు. విచిత్రం ఏంటంటే, సివిల్, మెకానికల్ చదివినవాళ్లు కూడా త్రీడీలోకి రాగానే కొలతలు మర్చిపోయి ఆర్టిస్టుల్లా అంచనా వేయడం మొదలుపెడతారు. మీ నాలుగేళ్ల డిగ్రీలో ఇక్కడ నేరుగా పనికొచ్చేది ఆ యూనిట్ల క్రమశిక్షణే. దాన్ని ఎందుకు వదులుకుంటారు?

కంటి అంచనాకి అసలు చోటే లేదా అంటే ఉంది. క్లయింటుతో తొలి మాటల్లో, మూడ్ చూపించడానికి వేసే ఒక్క బొమ్మకి అంచనా చాలు. గడువు నెత్తి మీద ఉన్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు. కానీ కెమెరా కోణం మారినా, టైలు మారినా, వాక్‌త్రూ అడిగినా ఆ అంచనా కూలిపోతుంది. కొలతతో కట్టిన సీన్‌లో టైలు మార్చడం అంటే కొత్త సైజు కొట్టడమే.

ఇప్పుడు ఏఐ టూల్స్ కూడా వచ్చేశాయి. ఒక వాక్యం రాస్తే నిమిషంలో అందమైన హాలు గీసిస్తున్నాయి. అందమే అమ్ముదామనుకునేవాళ్లకి ఇది గడ్డుకాలం. అయితే అలా వచ్చిన బొమ్మలో నేల మీద టైలు ఎన్ని అడుగులుందని అడిగి చూడండి. ఏ కొలతతోనూ కట్టని బొమ్మకి ఆ ప్రశ్నకి జవాబు ఉండదు. మీ సీన్‌కి ఉండాలి. 'ఈ బొమ్మలో చూసిందే మీ ఇంట్లోకి వస్తుంది' అని భరోసా ఇవ్వగలగడమే రేపు మీ జీతానికి ఆధారం అవుతుందని నేను నమ్ముతున్నాను.

ఈ వారం ఇది చేయండి

బ్లెండర్ ఉచితం, కాబట్టి డబ్బు అడ్డు కాదు. ఒక టేపు తీసుకుని మీ గది కొలవండి. నేల మీద టైలు కూడా కొలవండి. 10 అడుగులకి 12 అడుగుల గది, 2 అడుగుల టైళ్లు అనుకుందాం. అటు 5, ఇటు 6, మొత్తం 30 టైళ్లు. గదిని మోడల్ చేసి, ఒక్క స్లైడర్ కూడా అంచనాతో జరపకుండా, లెక్కతోనే టెక్స్చర్ పరచండి. పైనుంచి రెండర్ తీసి లెక్కపెట్టండి. 30 వచ్చాయా, వచ్చినట్టే. 28 వచ్చినా, 33 వచ్చినా మూడు ప్రశ్నల్లో ఏది తప్పిందో వెతకండి.

ఆ ఫైలుని పోర్ట్‌ఫోలియోలో పెట్టండి. అందమైన రెండర్ పక్కనే గళ్ల బొమ్మతో తీసిన రెండర్ కూడా పెట్టి, కింద ఒక వాక్యం రాయండి, ఫలానా టైలు, ఫలానా సైజు, మొత్తం ఇన్ని అని. ఇంటర్వ్యూలో కూర్చున్న సీనియర్‌కి మీ లైటింగ్ కంటే ముందు కనిపించేది ఆ వాక్యమే. ఎందుకంటే సైటులో టైళ్లు ఆర్డర్ పెట్టాల్సింది ఆయనే!